షౌకుకి హిసాబ్

"ఇది షౌకా, జునూనా? ఏదో ఒకటి తేల్చండి. షౌకైతే టిఫిన్ కట్టిస్తా, పోయిరండి. జునూన్ అయితే మాత్రం ఇక్కడ కూర్చుని నాకు హిసాబ్ చెప్పండి."

మా బేగం ఈ మాట అడిగింది పోయిన జనవరిలో, ఒక శనివారం రాత్రి. నేను గరాజులో నేల మీద కూర్చుని కారు చక్రాలు మారుస్తున్నా. తెల్లారితే రేసు. ఆమె చేతిలో క్రెడిట్ కార్డు బిల్లు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని ఆ రాత్రికి గట్టెక్కేవాణ్ణి.

"రేపు వచ్చాక మాట్లాడుకుందాం" అన్నా. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నాతో నేను చేసుకున్న బహస్ ఇది.

ముందు ఆ రేసేంటో చెప్పాలి. రేసు అనగానే మా చుట్టాలంతా టీవీలో చూసే కార్లు, మంటలు, షాంపేన్ సీసాలు ఊహించుకుంటారు. అమ్మీ అయితే ఫోన్లో మొదటిసారి విన్నప్పుడు "యా అల్లా" అని పెట్టేసింది. అదేం కాదు. ఇంగ్లండులో ఆటోక్రాస్ అంటే గడ్డిలో, మట్టిలో తోలే పోటీ. నేనుండే అమెరికాలో వేరు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాటో, పాత రన్‌వేనో చూసుకుని, నారింజ రంగు కోన్లు పేర్చి దారి చేస్తారు. ఆ దారిలో ఒక్కో కారూ ఒంటరిగా పోవాలి. మన పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. నలభై నుంచి అరవై సెకన్లలో అయిపోద్ది. చాలావరకు సెకండ్ గేరులోనే పని. వేగం హైవే మీద మనం రోజూ పోయేదాన్ని దాటదు. కానీ ఆ వేగంలోనే కారుని పాములా తిప్పాలి.

కోను పడిపోయినా, దాని చుట్టూ సుద్దతో గీసిన గడిలోంచి పూర్తిగా బయటికి జరిగినా రెండు సెకన్లు జుర్మానా. దారి తప్పి ఒక గేటు వదిలేస్తే ఆ రన్ లెక్కలోకే రాదు. టైము సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు కాబట్టి రెండు సెకన్లంటే తల కొట్టేసినంత పని. రోజంతా కలిపి దొరికేది నాలుగో, ఐదో, ఆరో రన్‌లు. పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరితే, నేను నిజంగా తోలింది ఐదు నిమిషాలు.

మిగతా టైమంతా ఏం చేస్తారు అంటారా? కూలి పని. నిజంగానే. ఇక్కడ డబ్బు కట్టి తోలేవాళ్ళే పని కూడా చేయాలి. సగం మంది తోలుతుంటే మిగతా సగం టెక్సస్ ఎండలో నిలబడి, పడిన కోన్లు పరిగెత్తి ఎత్తిపెట్టి, ఏ కారు ఎన్ని కోన్లు కొట్టిందో రేడియోలో చెప్తారు. చేతిలో ఎర్ర జెండా. డాక్టరైనా, మెకానిక్ అయినా, కాలేజీ కుర్రాడైనా అదే పని. నాకు ఈ ఆట నచ్చిన కారణాల్లో అదొకటి.

ఐదేళ్ళ క్రితం ఆఫీసులో ఒకతను పిలిస్తే మా ఇంటి కామ్రీ వేసుకుని పోయా. వెనక సీట్లో పాప బూస్టర్ సీటు, డిక్కీలో బియ్యం బస్తా తీసి నేల మీద పెట్టి, వాళ్ళిచ్చిన హెల్మెట్ పెట్టుకుని తోలా. అందరికంటే ఆఖరున వచ్చా. కానీ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు కూడా చేతులు వణుకుతూనే ఉన్నయ్. పదిహేనేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చున్న చేతులు. అవి ఇంకా బతికే ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పాలంటే విజయవాడ ఆటోనగర్ పోవాలి.

మా అబ్బా అక్కడ కమాన్ మిస్త్రీ. లారీల కింద పడుకుని కమాన్ పట్టీలు విప్పడం, విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, కట్ట బిగించడం. నలభై ఏళ్ళు అదే పని. లారీ షెడ్డులోకి వస్తుంటేనే, అది ఒరిగే తీరు చూసి "ఎడమ వెనక రెండో పట్టీ పోయింది" అనేవాడు. డ్రైవర్లు నమ్మేవాళ్ళు కాదు. విప్పి చూస్తే అదే. సెలవుల్లో నేను షెడ్డులో కూర్చుంటే గ్రీజు అంటనిచ్చేవాడు కాదు. "నక్కో బేటా, నువ్వు చదువుకో" అనేవాడు. ఆ హునర్ మా ఇంట్లో ఆయనతోనే ఆగిపోవాలని ఆయనే కోరుకున్నాడు. నేను చదువుకున్నా. ఇక్కడికొచ్చా. నలభై దగ్గర పడ్డాక, డల్లాస్‌లో ఒక పార్కింగ్ లాట్‌లో, బ్రేకు నొక్కితే కారు బరువు ముందుకి ఒరిగి ముందు టైర్లకి పట్టు పెరుగుద్దని ఎవరో తెల్లాయన నాకు పాఠం చెప్తుంటే, నాకు అబ్బా గొంతు వినపడింది. ఒరిగే తీరు చూడు బేటా, ఒరిగే తీరు.

రెండో ఏడు ఒక పాత మియాటా కొన్నా. 2001 మోడల్, రెండే సీట్లు. బేగం ఇజాజత్ తోనే కొన్నా. అక్కడిదాకా అంతా షౌకే.

ఈ ఆట అసలు సంగతి ఒకటి చెప్తా. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు ఒక రూపాయి అనుకోండి. బ్రేకుకి పన్నెండణాలు ఖర్చు పెట్టేస్తే మలుపు తిరగడానికి మిగిలేది కొంచెమే. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు తిరగదు, నేరుగా కోను మీదికే పోద్ది. కొత్తవాళ్ళంతా చేసేది ఇదే. ఆలస్యంగా బ్రేకు కొట్టి, ఎక్కువ వేగంతో మలుపులో దూరి, ఉన్న రూపాయికి రెండు రూపాయల సరుకు అడుగుతారు. నేనూ రెండేళ్ళు అదే చేశా. మలుపుకి ముందే నెమ్మదించి, బయటికి వచ్చేటప్పుడు తొందరపడమని అందరూ చెప్తారు. చెవికి ఎక్కుద్ది, కాలికి ఎక్కదు.

మూడో ఏడు కాలికి కూడా కొంచెం ఎక్కింది. మా క్లాసులో ఆ సీజనంతటికీ మూడో స్థానం. అప్పుడు మొదలైంది జునూన్. ఎవరో సరదాకి అన్నారు, "లింకన్ రావొచ్చుగా?" అని.

లింకన్ అంటే నెబ్రాస్కా రాష్ట్రంలో ఊరు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళు ఏటా సెప్టెంబరులో జాతీయ పోటీలు అక్కడ పెడతారు. ఈ పోటీలు 1973 నుంచి జరుగుతున్నయ్, లింకన్‌కి మాత్రం 2009లో వచ్చినయ్. పాత విమానాశ్రయం కాంక్రీటు మీద రెండు దారులు, ఒక్కో దారిలో మూడు రన్‌లు, ఒక్కోదాంట్లో మంచి టైము తీసి రెండూ కలుపుతారు. వెయ్యి మందికి పైగా వస్తారు. డబ్బు కట్టి, క్లబ్బులో సభ్యుడై ఉంటే నాలాంటివాడు కూడా పోవచ్చు. అదే కదా చిక్కు. ఎవరన్నా "నువ్వు పనికిరావు" అంటే ఆగిపోవచ్చు. ఎవరూ ఆపకపోతే మనమే ఆపుకోవాలి.

మా ఇంటినుంచి పది గంటల దారి. వారం సెలవు. హోటలు. అది పక్కన పెడితే, తయారు కావాలంటే నెలకి ఒకటి కాదు, మూడు రేసులు. మా క్లాసులో ఇంజను జోలికి పోనివ్వరు గానీ టైర్లు, షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, అది 200కి తగ్గకూడదు. ఆ అంకె మీద ఉంటూనే జిగురులా పట్టుకునే టైర్లు కంపెనీలు ఇందుకోసమే చేస్తయ్. నాలుగు కలిపి ఎనిమిది వందల డాలర్లు. మామూలు టైర్లు నాలుగైదేళ్ళు వస్తే, ఇవి ఒక సీజను. షాకులు ఇంకో వెయ్యి పైమాటే.

ఇక్కడ నేను దాచుకున్న సంగతి చెప్పాలి. బేగంకి కూడా ఈ మధ్యే చెప్పా.

అంతకు ముందు మార్చిలో తమ్ముడు ఫోన్ చేశాడు. అబ్బా మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు, నా వంతు డబ్బు పంపమన్నాడు. నలభై ఏళ్ళు లారీ కింద ముడుచుకుని కూర్చున్న మోకాలు. "ఈ నెల కొంచెం టైటుగా ఉందిరా, మే నెలలో పంపుతా" అన్నా. వాడు సరేనన్నాడు. అదే వారం మా ఇంటి గుమ్మం ముందు నాలుగు కొత్త టైర్లు దిగినయ్. నేను ఝూట్ చెప్పలేదు అని మనసుకి చెప్పుకున్నా. నెల టైటుగానే ఉంది కదా. ఎందుకు టైటుగా ఉందో మాత్రం చెప్పలేదు. రెండు నెలలు అబ్బా కర్ర పట్టుకుని నడిచాడు. ఆపరేషన్ మేలో అయింది, షుక్ర్ హై, బాగానే అయింది. కానీ ఆ రెండు నెలల్లో నేను నా టైము సెకనులో మూడో వంతు తగ్గించుకున్నా. అదీ హిసాబ్.

అక్టోబరులో అబ్బా, అమ్మీ మా దగ్గరికి వచ్చారు. ఒక ఆదివారం అబ్బాని రేసుకి తీసుకుపోయా. మా దగ్గర పక్క సీట్లో మనిషిని ఎక్కించుకోనిస్తారు, కాగితం మీద సంతకం పెట్టి హెల్మెట్ పెట్టుకుంటే చాలు. మియాటా సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది. ఆయన ముందు కూర్చుని, తర్వాత కొత్త మోకాలిని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా లోపలికి మడిచి పెట్టుకున్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డా. ఆ అర నిమిషం ఎటు చూడాలో తెలీలేదు.

తోలా. అబ్బాకి చూపించాలన్న గురూర్ ఒకటి ఎక్కింది కదా, రెండు కోన్లు కొట్టా. ఆయన గ్లవ్ బాక్స్ మీద చేయి పెట్టి నిశ్శబ్దంగా కూర్చున్నాడు. దిగాక హెల్మెట్ తీసి నెత్తి తుడుచుకుంటూ అన్నాడు, "బండి మంచిది. ముందు ఒరిగేదాకా నువ్వు ఆగట్లేదు. అది ఒరక్కముందే తిప్పేస్తున్నావ్." అంతే. బాగుందనీ అన్లేదు, వద్దనీ అన్లేదు. తర్వాత కారు కింద దూరి చూడాలనుకున్నాడు గానీ మోకాలు వంగలేదు. ఫోన్లో కింద ఫోటోలు తీసి చూపించమన్నాడు. అరగంట చూశాడు.

ఇక జనవరికి వస్తా. బేగం ప్రశ్న తర్వాతి రోజు రేసులో మనసు లేదు. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళ తజుర్బా. ఆయన్ని అడిగా, "లింకన్ పోవాలంటే షాకులు మార్చాలా?" అని. ఆయన నసీహత్ ఏమీ ఇవ్వలేదు. మా క్లాసులో మొదటి స్థానం కుర్రాణ్ణి చూపించి, "వాడికి నీ తాళాలివ్వు. నీ కారు తోలమను" అన్నాడు.

ఇచ్చా. ఆ కుర్రాడు నా కారులో ఎప్పుడూ కూర్చోలేదు. నా సీటు ముందుకి లాక్కున్నాడు. పాతబడిన అవే టైర్లు, అవే షాకులు. మొదటి రన్‌లోనే నా ఆ రోజు మంచి టైము కంటే ఒక సెకను పైగా తక్కువలో వచ్చాడు. కోన్లు ఒక్కటి కూడా కదల్లేదు. బయట నిలబడి చూస్తుంటే నా కారు నాకే కొత్తగా కనపడింది. మలుపుకి ముందు ముక్కు కిందికి వంగింది, ఒక్క క్షణం ఆగింది, అప్పుడు తిరిగింది. అబ్బా చెప్పిందే.

ఇజ్జత్ పోయినట్టే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఇంటికొచ్చే దారిలో నెమ్మదిగా ఒక బరువు దిగింది. నాకూ వాడికీ ఉన్న తేడా కొనుక్కునేది కాదు. నేను మూడేళ్ళుగా హునర్ కి బదులు సామాను కొంటున్నా. సామాను కొనడం తేలిక, రాత్రి పదకొండింటికి ఫోన్లో అయిపోద్ది. ఆ కొన్నదాన్ని సీరియస్ గా ఉండడం అనుకుంటున్నా.

మరి మానేయాలా? అదీ ఆలోచించా. ఇది పనికిమాలిన ఖర్చు, ఇస్రాఫ్, అనేవాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఈ ఐదేళ్ళలో నేను మెరుగవుతున్నానని నాకు స్పష్టంగా తెలిసిన పని ఇదొక్కటే. ఆఫీసులో ఏడాదికోసారి ఎవరో ఒకరు నాకు అంకె వేస్తారు, అదెలా వేశారో వాళ్ళకే తెలీదు. ఇక్కడ యాభై సెకన్లకి అంకె వచ్చేస్తది, నా తప్పు నా కళ్ళముందు నేల మీద పడి దొర్లుతుంటది. మనిషికి అలాంటి చోటు ఒకటి ఉండాలి. ఆ చోటు కోసం ఇంట్లోవాళ్ళ హఖ్ లాక్కోకూడదు, అంతే.

మూడు వారాల తర్వాత బేగం ముందు కాగితం పెట్టుకుని కూర్చున్నా. నెలకి ఒక్క రేసు. ఏడాది ఖర్చు ఇద్దరికీ తెలిసిన ఒక అంకె, అది దాటితే సీజను అక్కడితో బంద్. టైర్లు ఆ కుర్రాడితో సగం సగం. వాడి కారు ఇంజను పనికి పోయింది, ఈ ఏడు ఇద్దరం నా మియాటానే తోలతాం. ఒకే కారు ఇద్దరు తోలడం ఈ ఆటలో మామూలే. వాడు నాకంటే ముందు తోలతాడు, నేను చూసి నేర్చుకుంటా. షాకులు లేవు. లింకన్ ఈ ఏడు లేదు. నాకూ వాడికీ తేడా అర సెకను లోపలికి వచ్చిన ఏడు మళ్ళీ అడుగుతా.

ఆమె చదివింది. "మరి వచ్చే ఏడు అర సెకను కాకపోతే?"

"వచ్చే ఏడు కూడా పోను."

"ఏడుస్తారా?"

"కొంచెం."

నవ్వింది. మంజూర్ అని అన్లేదు గానీ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అప్పుడే మార్చి నెల టైర్ల సంగతి కూడా చెప్పేశా. నవ్వు ఆగిపోయింది. "ఇది నాతో కాదు, అబ్బాజాన్ తో చెప్పాలి" అని లోపలికి పోయింది.

మర్నాడు విజయవాడకి ఫోన్ చేశా. అక్కడ రాత్రి. ఇషా అయ్యి అన్నం తిని మంచం మీద ఉన్నాడు. సలాం, ఖైరియత్ అయ్యాక, గొంతు ఆరిపోతుంటే చెప్పా. "అబ్బా, మీ ఆపరేషన్ డబ్బు లేటవడానికి కారణం నెల టైటు కాదు. నేను కారుకి టైర్లు కొన్నా."

అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.

"తెలుసు" అన్నాడు. "టైర్లు వచ్చిన రోజు గుమ్మం ముందు ఫోటో తీసి గ్రూపులో పెట్టింది నువ్వే కదరా."

నాకు గుర్తే లేదు. తర్వాత వెతికి చూసుకుంటే ఉంది. నాలుగు టైర్లు, పక్కన నేను, బొటనవేలు ఎత్తి. కింద అబ్బా ఒక్కడే జవాబు రాశాడు. మాషా అల్లా.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశా" అన్నాడు. ఇంకేం అన్లేదు. కాస్త ఆగి, "ఒరిగేదాకా ఆగుతున్నావా ఇప్పుడు?" అని అడిగాడు.

నేర్చుకుంటున్నా అని చెప్పా. వచ్చే ఆదివారం రేసు ఉంది. ఈసారి టిఫిన్ కట్టిస్తానంది.